కార్టూను పంది ఉద్యోగం మానేసిన సినిమా: 1940 నాటి ఒక స్టూడియో చిత్రంపై చర్చ

రీలుపెట్టె

నటులనూ గీసిన బొమ్మలనూ ఒకే తెర మీద కలిపిన పాత చిత్రాలను గురించి ఈ విభాగంలో అప్పుడప్పుడు ప్రస్తావనలు వచ్చాయి గాని, ఆ కలయిక సాక్షాత్తూ కార్టూను స్టూడియో లోపలే జరిగే చిత్రం మీద ఎవరూ విడిగా రాసినట్టు లేదు. అందుకని 1940 మే 18న విడుదలైన "యూ ఆట్ టు బి ఇన్ పిక్చర్స్" అనే, వార్నర్ బ్రదర్స్ వారి లూనీ ట్యూన్స్ కార్టూన్ల వరుసలోని లఘుచిత్రంతో మొదలుపెడుతున్నాను. నలుపు తెలుపు చిత్రం, నిడివి సుమారు పది నిమిషాలు. దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్, కథ జాక్ మిల్లర్, సంగీతం కార్ల్ స్టాలింగ్, నిర్మాత లియోన్ ష్లెసింజర్. ఈ నిర్మాతను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆయన ఇందులో తన పాత్రను తానే ధరించాడు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. మధ్యాహ్న భోజనం వేళ కాగానే స్టూడియోలోని చిత్రకారులందరూ ఒక్క ఉరుకున బయటికి పోతారు. ఖాళీ అయిన గదిలో, బల్ల మీద కాగితంలో ఉన్న పోర్కీ పిగ్‌తో గోడ మీద పటంలో ఉన్న బాతు డాఫీ డక్ మాట కలుపుతుంది. నీ వంటివాడు ఈ కార్టూన్లలో పడి ఉండడమేమిటి, పెద్ద సినిమాలలో బెట్టీ డేవిస్ సరసన నాయకుడిగా వేయవలసినవాడివి, వారానికి మూడు వేల డాలర్లు వస్తాయి అని ఎక్కిస్తుంది. పోర్కీ నిజమైన ష్లెసింజర్ గదిలోకి వెళ్లి, బెరుకుబెరుకుగా తన కాంట్రాక్టు రద్దు చేయమని అడుగుతాడు. ఆయన బతిమాలడు, కోప్పడడు. కాగితం చింపి పారేసి, పోర్కీ గది దాటగానే ప్రేక్షకుల వైపు తిరిగి "వాడే తిరిగొస్తాడు" అంటాడు. అటు తరువాత పోర్కీ తన చిన్న కారులో పెద్ద స్టూడియోకు పోవడం, గేటు దగ్గర గార్డు తోసివేయడం, లావుపాటి హాస్యనటుడు ఆలివర్ హార్డీ వేషం వేసుకుని లోపలికి దూరడం, షూటింగులను పాడుచేసి తరుమబడడం, చివరకు వెనక్కి తిరిగి వచ్చేసరికి డాఫీ అదే యజమాని ముందు తన స్థానం కోసం పాడుతూ గెంతుతూ ఉండడం, ఇదంతా చాలా వేగంగా సాగుతుంది. ష్లెసింజర్ అసలు కాంట్రాక్టును చింపనే లేదని అప్పుడు తెలుస్తుంది.

నేను చర్చకు పెట్టదలచిన విషయం ఒక్కటే. ఈ చిత్రం యజమానిని పొగుడుతున్నదా, ఎగతాళి చేస్తున్నదా? ఎన్నిసార్లు చూసినా నాకు రెండూ కనబడుతున్నాయి. డబ్బు పెట్టిన మనిషే కుర్చీలో కూర్చుని తెలివైన యజమాని వేషం వేస్తే అది పొగడ్త కాక మరేమవుతుంది అనిపిస్తుంది. కాని ఆ చివరి చమత్కారం, అంటే చింపినట్టు నటించి కాంట్రాక్టును సొరుగులో దాచుకోవడం, పనివాడి వైపు నుంచి చూస్తే అంత నవ్వు పుట్టించే విషయం కాదు.

గోరువంక

నిన్న రాత్రి మొదటిసారి చూశాను. పరిచయం చేసినందుకు కృతజ్ఞతలు. నాకు రెండు సందేహాలు. ఒకటి, 1940లో, అందులోనూ ఇంత తక్కువ నిడివి గల చిత్రానికి, బొమ్మనూ మనిషినీ ఇంత చక్కగా ఎలా కలపగలిగారు? రెండు, ఇందులో కనబడే గార్డు, షూటింగు సిబ్బంది వృత్తి నటులేనా? వారి ముఖాలలో నటుల ధీమా కనబడలేదు.

సెల్లుగీత

గోరువంక గారూ, నేను కొంతకాలం హైదరాబాదులో ఒక యానిమేషన్ సంస్థలో ఇన్‌బిట్వీన్లు, అంటే ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికను నింపే బొమ్మలు, గీసే పని చేశాను కనుక మొదటి సందేహానికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

ఇందులో ఎక్కువ భాగం కలయిక, మనం ఊహించుకునేంత కష్టమైన పద్ధతిలో జరగలేదు. బొమ్మా వాస్తవమూ ఒకే షాట్‌లో ఉన్న చోట్ల కెమెరా దాదాపు కదలదని గమనించండి. కెమెరా కదలకపోతే వెనుక ఉన్న గది, బల్ల, తలుపు, వీధి అన్నీ ఒకే నిశ్చలచిత్రంగా ఉంటే చాలును. ఆ స్థలాన్ని ఫొటో తీసి, పెద్దదిగా ప్రింటు వేసి, మామూలు కార్టూనులో రంగులతో చిత్రించిన నేపథ్యం పెట్టే చోట ఆ ఫొటోను పెట్టి, దాని మీద పోర్కీని గీసిన సెల్‌ను, అంటే పారదర్శకమైన పలుచని షీటును, పరచి, ఒక్కొక్క ఫ్రేమే చిత్రీకరించారు. అంటే మనం చిత్రాలు కలిపే మాయ అనుకుంటున్న దానిలో చాలా భాగం, నేపథ్యం స్థానంలో ఛాయాచిత్రాన్ని వాడిన మామూలు కార్టూనే. ఖర్చు తగ్గించుకోవడానికి ఎంచుకున్న దారి ఇది.

అయితే రెండు మూడు చోట్ల ఈ దారి సరిపోదు. ష్లెసింజర్ మాట్లాడుతూ కదులుతూ ఉండగా ఎదురుగా పోర్కీ ఉన్న షాట్‌లూ, నిజమైన వాహనాల మధ్య నుంచి పోర్కీ కారు తప్పించుకుపోయే షాట్‌లూ అటువంటివి. అక్కడ వెనుక ఉన్నది కదిలే చిత్రం. దాని ప్రతి ఫ్రేముకూ బొమ్మ స్థానాన్ని లెక్క కట్టి గీయవలసిందే. కారు చక్రం రోడ్డు మీద ఆనుతున్నట్టు ఉండాలి, ఎదురుగా వచ్చే వాహనం దగ్గరపడే కొద్దీ తప్పుకునే వేగం పెరగాలి. ఒక్క ఫ్రేములో తేడా వచ్చినా బొమ్మ తేలిపోతున్నట్టు కంటికి పట్టుబడుతుంది. పది నిమిషాల చిత్రంలో ఇటువంటి షాట్‌లు కొన్నే ఉండడం, వాటిని చిత్రానికి ఆయువుపట్టయిన చోట్లలోనే వాడుకోవడం ఫ్రెలెంగ్ తెలివి. యజమానితో సంభాషణ నమ్మదగినట్టు ఉంటే ప్రేక్షకుడు మిగతాదంతా తానే నమ్మేసుకుంటాడు.

నలుపు తెలుపు కావడం కూడా కలిసివచ్చింది. రంగుల చిత్రంలో ఫొటోలోని సహజమైన రంగులకూ సెల్ మీద పూసిన చదునైన రంగులకూ పొత్తు కుదరడం కష్టం. ఇక్కడ బూడిద రంగు ఛాయలు దగ్గర దగ్గరగా చూసుకుంటే చాలు.

రెండో సందేహానికి నల్లతెర గారు నాకంటే బాగా చెప్పగలరు.

నల్లతెర

వృత్తి నటులు కారు, స్టూడియో సిబ్బందే. గేటు దగ్గర గార్డుగా వేసినది రచయిత మైకేల్ మాల్టీస్. సెట్ మీద నుంచి పోర్కీని బయటికి విసిరేసే మనిషి ష్లెసింజర్ వద్ద నిర్వహణ పనులు చూసిన హెన్రీ బైండర్. నిశ్శబ్దం పాటించమని అరిచే దర్శకుడు జెర్రీ చినిక్వి, అంటే ఫ్రెలెంగ్ బృందంలోని యానిమేటరు. భోజనానికి పరుగెత్తే గుంపులో అదే స్టూడియో దర్శకులు చక్ జోన్స్, బాబ్ క్లాంపెట్ ఉన్నారు. షూటింగు దాదాపు అంతా శబ్దం లేకుండానే తీసి, తరువాత గొంతులు కలిపారు. గార్డు నోట వినబడేదీ మెల్ బ్లాంక్ గొంతే, పోర్కీదీ డాఫీదీ ఆయనవే. మొత్తం చిత్రంలో తన మాటలు తాను పలికినవాడు ష్లెసింజర్ ఒక్కడే.

ఈ చివరి సంగతిలో ఒక విశేషం ఉంది. డాఫీ తుంపర్లు చిందించే ఉచ్చారణ ష్లెసింజర్ మాటతీరు నుంచి తీసుకున్నామనీ, తెర మీద దాన్ని విన్న యజమాని అది తనదేనని పోల్చుకోలేక ఆ గొంతు ఎక్కడ దొరికిందని సంబరపడ్డాడనీ చక్ జోన్స్ తన జ్ఞాపకాలలో చెప్పుకున్నాడు. జోన్స్ మంచి కథకుడు కనుక కొంత చేర్పు ఉండవచ్చునని నేను అనుకుంటాను. అయినా అసలు గొంతూ, దాని పేరడీగా చెప్పుకునే గొంతూ ఒకే చిత్రంలో వినబడడం ఇక్కడ మనకు దొరికిన అవకాశం.

ఇక రీలుపెట్టె గారి ప్రశ్నకు వస్తే, దాన్ని యజమాని వైపు నుంచి కాక దర్శకుడి వైపు నుంచి అడగాలని నా అభిప్రాయం. ఫ్రెలెంగ్ 1937లో ఎక్కువ జీతమూ పెద్ద బడ్జెట్లూ ఇస్తామన్న ఎం.జి.ఎం. పిలుపు మీద ష్లెసింజర్‌ను వదిలి వెళ్లాడు. అక్కడ అతనికి అప్పగించినది "కెప్టెన్ అండ్ ద కిడ్స్" అనే పత్రికా కామిక్ ఆధారంగా తీసే వరుస. అది అతనికి ఇష్టమైనదీ కాదు, జనం ఆదరించినదీ కాదు. 1939లో తిరిగి ష్లెసింజర్ దగ్గరికే వచ్చాడు. మరుసటి ఏడు ఈ చిత్రం తీశాడు. ఎక్కువ జీతానికి ఆశపడి పెద్ద సంస్థకు పోయి, భంగపడి, పాత యజమాని ముందు నిలబడిన పోర్కీని గీస్తున్నప్పుడు ఆ గదిలో ఉన్నవారెవరికీ పోలిక తట్టకుండా ఉండదు. పైగా పోర్కీని 1935లో "ఐ హావెంట్ గాట్ ఎ హ్యాట్" చిత్రంలో తొలిసారి తెర మీదికి తెచ్చినదీ ఫ్రెలెంగే. తన సృష్టి చేత తన కథ చెప్పించుకున్నాడు. కనుక ఇది పొగడ్తా కాదు, ఎగతాళీ కాదు. తన మీద తాను నవ్వుకోవడం.

ఓరుగల్లువాసి

నల్లతెర గారి వాదన అందంగా ఉంది. అయితే నాకు కొంత ఇబ్బంది ఉంది. ఒక ఉద్యోగి తాను బయటికి పోయి దెబ్బతిని తిరిగి వచ్చిన వైనాన్ని హాస్యంగా చెప్పుకోవడం వేరు. ఆ హాస్యానికి పెట్టుబడి పెట్టి, అందులో "వాడే తిరిగొస్తాడు" అనే మాటను యజమాని తన నోటితో పలకడం వేరు. ఆ రోజుల్లో ఆ స్టూడియోలో పనిచేసేవారికి చిత్రం చెబుతున్న సందేశం ఏమిటి? బయట మీకు దిక్కు లేదు, ఇక్కడే ఉండండి అని కాదా?

1941 మేలో, అంటే ఈ చిత్రం వచ్చిన ఏడాదికి, ఇదే ష్లెసింజర్ తన సిబ్బంది కార్టూనిస్టుల సంఘంతో ఒప్పందం కోరినందుకు స్టూడియో తలుపులు మూసి వారిని బయట నిలబెట్టాడు. ఆరు రోజుల తరువాత దిగివచ్చి సంతకం చేశాడు. తెర మీద ఉదారుడిగా కనిపించిన పెద్దమనిషి ఎదుట అసలు కాంట్రాక్టు పెట్టేసరికి ఎలా ప్రవర్తించాడో చూస్తే, 1940 నాటి చిత్రంలోని ఆ గది నాకు అంత వినోదంగా కనబడదు.

నల్లతెర

ఓరుగల్లువాసి గారూ, ఆరు రోజులలో సంతకం చేసిన యజమానులు ఆ రోజుల్లో అరుదు. ఇంతకంటే మొండికేసిన వారిని గురించి తోలుబొమ్మ గారు ఎలాగూ రాస్తారని నాకు తెలుసు. ష్లెసింజర్ పిసినారి అని సిబ్బంది చెప్పుకునేవారు, నిజమే. బృందాలలో ఒకదానికి ఇచ్చిన పాత చెక్క భవనానికి వారు చెదపురుగుల పేరు మీద "టెర్మైట్ టెరస్" అని పేరు పెట్టుకున్నారు. కాని బొమ్మలలో ఏముండాలో ఆయన తలదూర్చి చెప్పినవాడు కాదు. అటువంటి యజమాని కాకపోతే తనను తెర మీద పెట్టి ఆడించనిచ్చేవాడా?

డాలస్‌తెలుగు

ఈ చర్చ ఇంతవరకూ 1937 తరువాతి సంగతుల చుట్టూ తిరిగింది. ఇంకొంచెం వెనక్కి వెళితే కాంట్రాక్టు చింపే దృశ్యానికి మరొక అర్థం దొరుకుతుందని నా నమ్మకం. అందుకోసం రెండు పాత చిత్రాలను పరిచయం చేయాలి. ఆ రెండూ స్టూడియో లోపలే జరుగుతాయి, రెండూ అమ్మకానికి చూపించిన నమూనాలు, రెండూ అప్పట్లో థియేటర్లకు రాలేదు.

మొదటిది 1923లో కాన్సస్ సిటీలో వాల్ట్ డిస్నీ తన లాఫ్-ఓ-గ్రామ్ స్టూడియోలో తీసిన "ఆలిసెస్ వండర్‌ల్యాండ్". వర్జీనియా డేవిస్ అనే చిన్న పాప స్టూడియోకు వచ్చి, బొమ్మలు ఎలా గీస్తారో చూపమని అడుగుతుంది. యువకుడైన డిస్నీయే ఆమెను బల్ల దగ్గరికి తీసుకువెళతాడు. కాగితం మీది జంతువులు కదులుతాయి. గీసిన ఎలుక నిజమైన పిల్లిని పొడిచి ఏడిపిస్తుంది. ఆ రాత్రి పాప కలలో కార్టూను లోకంలో దిగుతుంది. అక్కడ ఆమె మనిషి, చుట్టూ ఉన్నదంతా గీత. ఆమెను తెల్లని తెర ముందు నిలబెట్టి తీసి, ఆ తెలుపులో తరువాత లోకాన్ని గీశారు. చిత్రం ముగిసేసరికి సంస్థ దివాలా తీసింది. డిస్నీ ఆ రీలును పట్టుకుని లాస్ ఏంజెలెస్ చేరి, న్యూయార్కులోని పంపిణీదారు మార్గరెట్ వింక్లర్‌కు చూపించి, 1923 అక్టోబరు 16న ఆలిస్ చిత్రాల వరుసకు ఒప్పందం సంపాదించాడు.

కాన్సస్ సిటీలో డిస్నీ వెంట ఉన్నవారిలో హ్యూ హార్మన్, రుడాల్ఫ్ ఐసింగ్ ఉన్నారు. ఫ్రెలెంగ్ కూడా ఆ ఊరివాడే. డిస్నీ నుంచి విడిపోయిన హార్మన్, ఐసింగ్ 1929లో "బాస్కో, ద టాక్-ఇంక్ కిడ్" అనే చిన్న నమూనా తీశారు. ఐసింగ్ బల్ల ముందు కూర్చుని బాస్కోను గీస్తాడు. గీత పూర్తి కాగానే బాస్కో మాట్లాడతాడు, ఆడతాడు, పియానో వాయిస్తాడు. చివరకు ఐసింగ్ అతణ్ణి తిరిగి సిరాబుడ్డిలోకి పంపేస్తాడు. సిరాబుడ్డి నుంచి పుట్టి అందులోకే పోవడం మాక్స్ ఫ్లైషర్ 1918 నుంచి తన విదూషకుడు కోకోతో చేస్తూ వచ్చిన పనే. కొత్తదనమల్లా బొమ్మా మనిషీ ఎదురెదురుగా గొంతు కలిపి మాట్లాడుకోవడం. ఆ నమూనాను చూసి ఒప్పందం చేసుకున్న వ్యాపారి మరెవరో కాదు, లియోన్ ష్లెసింజర్. 1930లో లూనీ ట్యూన్స్ అలా మొదలైంది.

అసలు సంగతి ఇక్కడుంది. 1933లో బడ్జెట్ల మీద తగాదా వచ్చి హార్మన్, ఐసింగ్ ష్లెసింజర్‌ను వదిలి వెళ్లినప్పుడు బాస్కో మీది హక్కులు వారివే కనుక బాస్కో కూడా వారితో వెళ్లిపోయాడు. కొంతకాలానికి ఎం.జి.ఎం. పతాకం మీద కనబడ్డాడు. ష్లెసింజర్ చేతిలో వరుస పేరు మిగిలింది గాని అందులో వేయడానికి పాత్ర మిగలలేదు. అంటే కార్టూను బొమ్మ ఉద్యోగం మానేసి పెద్ద స్టూడియోకు వెళ్లిపోవడం 1940లో కల్పించిన హాస్యం కాదు, ఏడేళ్ల క్రితం ఆయనకు నిజంగా జరిగిన నష్టం. అటు తరువాత పుట్టిన పోర్కీ సంస్థ సొత్తు. ఫ్రెలెంగ్ ఎం.జి.ఎం.కు వెళ్లినప్పుడు తాను సృష్టించిన పోర్కీని వెంట తీసుకుపోలేకపోయాడు. కనుక చింపినట్టు నటించి దాచుకున్న ఆ కాగితంలో నాకు కనబడేది పొగడ్తా కాదు, దర్శకుడి ఆత్మకథా కాదు. బాస్కో పోయినట్టు పోర్కీ పోడు అన్న యజమాని ధీమా.

రీలుపెట్టె

డాలస్‌తెలుగు గారూ, నేను మొదలుపెట్టిన ప్రశ్నకు ఇది నేను ఊహించని కోణం. ఇప్పుడు ఆ దృశ్యాన్ని మళ్లీ చూస్తే ష్లెసింజర్ ఎందుకంత తొణకకుండా ఉన్నాడో అర్థమవుతుంది. నల్లతెర గారి వాదనకూ దీనికీ వైరుధ్యం లేదనుకుంటాను. మనిషి పోయి రావచ్చు, బొమ్మ మాత్రం పోలేదు. చిత్రంలో ఈ రెండింటినీ పోర్కీ ఒక్కడి మీదే పెట్టారు.

ఒక చిన్న అభ్యంతరం మాత్రం ఉంది. ఇదంతా తెలిసిన ప్రేక్షకులు 1940లో ఎందరు ఉంటారు? థియేటరులో కూర్చున్న సామాన్యుడికి బాస్కో హక్కుల గొడవ తెలియదు, ఫ్రెలెంగ్ ఎవరో తెలియదు. అతను నవ్వినది పంది హార్డీ వేషం వేసినందుకు. చిత్రం రెండు అంతస్తులలో నడుస్తున్నదని ఒప్పుకుంటాను గాని, కింది అంతస్తును మనం చిన్నచూపు చూడకూడదు. హార్డీ నడకను పోర్కీ దేహంలో పట్టిన తీరు గొప్ప యానిమేషన్.

తోలుబొమ్మ

నల్లతెర గారు నా పేరు ఎత్తారు కనుక ఊహించినట్టే డిస్నీ సంగతి రాస్తున్నాను. స్టూడియోను తెర మీద చూపించడంలో ష్లెసింజర్ చిత్రానికి పూర్తి విరుద్ధమైనది సుమారు ఏడాది తరువాత, 1941 జూన్‌లో వచ్చింది. "ద రిలక్టెంట్ డ్రాగన్". ఇది లఘుచిత్రం కాదు, గంటంపావు నిడివి. రచయితగా, హాస్యనటుడుగా పేరున్న రాబర్ట్ బెంచ్లీని అతని భార్య ఒక పిల్లల కథ డిస్నీకి అమ్మి రమ్మని బలవంతాన పంపుతుంది. అతను బర్బ్యాంక్‌లోని కొత్త స్టూడియోలో దారి తప్పి, ఒక్కో విభాగంలోకీ దూరుతూ, మనకు కార్టూను తయారయ్యే వరుస అంతా చూపిస్తాడు.

నిజాయితీగా చెప్పాలంటే ఈ చిత్రంలోని సమాచారం అమూల్యం. నిజమైన ఏనుగును ఎదుట నిలబెట్టి చిత్రకారులు గీసే తరగతి, డోనాల్డ్ డక్ గొంతు క్లారెన్స్ నాష్ పాట పాడే రికార్డింగు గది, రైలు బొమ్మకు చప్పుళ్లు పుట్టించే బృందం, రంగులు నూరి కలిపే ప్రయోగశాల, పాత్రల మట్టిబొమ్మలు చేసే గది, ఇవన్నీ అందులో ఉన్నాయి. మొదట నలుపు తెలుపులో సాగే చిత్రం బెంచ్లీ కెమెరా గదిలోకి అడుగు పెట్టగానే రంగుల్లోకి మారుతుంది. "బేబీ వీమ్స్" అనే కథను పూర్తి యానిమేషన్ లేకుండా స్టోరీబోర్డు బొమ్మలతోనే, అంటే కథను వరుసగా చూపే నిశ్చలమైన గీతలతోనే, చెప్పిన భాగం, మిగతా చిత్రమంతటికంటే ధైర్యమైన ప్రయోగమని నా అభిప్రాయం. తక్కువ కదలికతో ఎక్కువ చెప్పే పద్ధతి తరువాతి దశాబ్దంలో అమెరికన్ యానిమేషన్‌ను ఎంతగా మార్చిందో తెలిసినవారు ఆ కొన్ని నిమిషాలను మళ్లీ మళ్లీ చూడాలి.

కాని చూపించిన స్టూడియోలో పనివారు ఎవరు? వార్డ్ కింబల్, ఫ్రెడ్ మూర్, నార్మ్ ఫెర్గుసన్ వంటి కొందరు నిజమైన యానిమేటర్లు కనబడతారు. మిగతా చోట్ల మాటలున్న ఉద్యోగులలో చాలామంది నటులు. దారి చూపే కళాకారిణి ఫ్రాన్సెస్ గిఫర్డ్. "బేబీ వీమ్స్" కథ చెప్పేవారిలో ఒకడు, తరువాత పెద్ద తార అయిన ఆలన్ లాడ్. అందరూ చక్కని దుస్తులు వేసుకుని, ఎప్పుడూ నవ్వుతూ, ఎవరికీ గడువు అన్నదే లేనట్టు తిరుగుతుంటారు. చివరకు బెంచ్లీ ప్రొజెక్షన్ గదికి చేరేసరికి డిస్నీ ఆ కథనే ఇదివరకే చిత్రంగా తీసి ఉంచాడు.

చిత్రం విడుదలైన నాటికి ఆ నవ్వుల స్టూడియో గేటు బయట సమ్మె నడుస్తోంది. 1941 మే 29న మొదలైంది. ఆర్ట్ బాబిట్ అంతటి యానిమేటరును కార్టూనిస్టుల సంఘంలో పనిచేసిన కారణంగా తొలగించడం దానికి తక్షణ కారణం. సమ్మెలో ఉన్నవారు ఈ చిత్రం ఆడుతున్న థియేటర్ల ముందు కూడా పికెటింగ్ చేశారు. లోపల తెర మీద ఉద్యోగులుగా నటించే నటులు, బయట పాదపథం మీద అట్టలు పట్టుకున్న ఉద్యోగులు. ఆ సాయంత్రాలలో టికెట్టు కొని లోపలికి పోయినవాడు ఒకే స్టూడియోను రెండు సార్లు చూశాడు.

ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెడితే, ష్లెసింజర్ చిత్రం పట్ల నాకున్న అభిమానానికి కారణం సులభంగా చెప్పగలను. డిస్నీ స్టూడియోను పెళ్లిచూపులకు సిద్ధం చేసిన ఇల్లులా చూపించాడు. ఫ్రెలెంగ్ దాన్ని పనిచేసే చోటుగా చూపించాడు. భోజనం గంటకు పరుగు, యజమాని గది తలుపు ముందు తడబాటు, సహోద్యోగి పోటు, గేటు దగ్గర అవమానం, ఇవన్నీ ఉద్యోగం చేసిన ప్రతి ఒక్కరికీ తెలిసినవే. యజమాని పక్షం వహించిన చిత్రమే అయినా అది అబద్ధం తక్కువ చెప్పింది.

ఓరుగల్లువాసి

తోలుబొమ్మ గారి చివరి వాక్యంతో ఏకీభవిస్తున్నాను. డాలస్‌తెలుగు గారు చెప్పిన హక్కుల సంగతితో నా ఇబ్బంది తగ్గలేదు, పెరిగింది. కాని ఆ ఇబ్బందిని దాచకుండా తెర మీద పెట్టినందుకు చిత్రానికి కొంత గౌరవం ఇవ్వవలసిందే. ఒక మాట మాత్రం అంటాను. "తక్కువ అబద్ధం" అన్నప్పుడు, స్టూడియోలో రంగులు పూసే గదుల్లోని ఆడవారు ఏరి? డిస్నీ చిత్రంలో కనీసం ఆ విభాగం కనబడుతుంది, అలంకరించినదే అయినా. ఫ్రెలెంగ్ చిత్రంలో కథ నడిపించేవారంతా మగవారే.

గోరువంక

చాలా నేర్చుకున్నాను. ఒక వ్యావహారికమైన ప్రశ్న. నాకు ఈ చిత్రం రంగుల ప్రతి కూడా ఒకటి కనబడింది. అది ఎలా సాధ్యం? ఏది చూడాలి?

సెల్లుగీత

నలుపు తెలుపుదే చూడండి. రంగులది 1990లలో కంప్యూటరు సహాయంతో అద్దినది. ఇందులో ఒక విశేషం ఉంది. 1960ల చివరిలో వార్నర్ వారు టెలివిజన్ అవసరం కోసం పాత నలుపు తెలుపు లూనీ ట్యూన్స్‌ను చాలావాటిని దక్షిణ కొరియాలో తిరగగీయించి రంగులు వేయించారు. ఫ్రేములను ట్రేస్ చేస్తూ, మధ్యలో చాలా బొమ్మలు వదిలేసి చేసిన ఆ పని చూస్తే కదలిక కుంటుతున్నట్టు తెలుస్తుంది. ఆ పద్ధతి మనుషులున్న ఈ చిత్రానికి కుదిరేది కాదు. ష్లెసింజర్‌ను ట్రేస్ చేస్తే అతనూ కార్టూనే అయిపోతాడు. కంప్యూటరు రంగులలోనూ సమస్య ఉంది. నేను మొదట చెప్పిన బూడిద ఛాయల పొత్తు పోయి, గదికొక రంగు, పోర్కీకొక రంగు వచ్చేసరికి బొమ్మ అతికించినట్టు ఎత్తుగా కనబడుతుంది.

తోలుబొమ్మ గారు డిస్నీ సంగతి ఎత్తారు కనుక, మన దేశానికి సంబంధించిన ఒక చిన్న విషయం చేరుస్తాను. ఆ స్టూడియోలో "బాంబీ", "పీటర్ పాన్" వంటి చిత్రాలకు పనిచేసిన క్లెయిర్ వీక్స్ మన దేశంలోనే పుట్టినవాడు, మిషనరీల కుమారుడు. 1956లో బొంబాయిలోని ప్రభుత్వ చిత్ర సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి అక్కడి కార్టూను విభాగం వారికి శిక్షణ ఇచ్చాడు. మన యానిమేటరు రామ్ మోహన్ ఆ శిక్షణలో తయారైనవాడే. మా తరానికి ఇన్‌బిట్వీన్లు నేర్పినవారు చెప్పే పాఠాల మూలాలు వెతుక్కుంటూ పోతే కొన్ని బర్బ్యాంక్ గదులలో తేలతాయి.

నల్లతెర

ఓరుగల్లువాసి గారు ఆడవారి గురించి అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి నా దగ్గర సమర్థన లేదు.

గార్డుగా వేసిన మాల్టీస్ గురించి ఒక మాట చెప్పాలి. 1953లో చక్ జోన్స్ దర్శకత్వంలో వచ్చిన "డక్ అమక్"కు కథ రాసినది ఆయనే. అందులో మనిషి కనబడడు. పెన్సిలూ రబ్బరూ కుంచే పైనుంచి దిగి డాఫీ నేపథ్యాన్ని మార్చేస్తాయి, గొంతు తీసేస్తాయి, దేహాన్ని చెరిపేస్తాయి. 1940లో యజమాని కుర్చీలో ఉండేవాడు, బొమ్మ వెళ్లి ఆయనతో మాట్లాడుకునే వీలు ఉండేది. పదమూడేళ్ల తరువాత అధికారం ముఖం లేని చేతిగా మారింది, డాఫీ ఎంత అరిచినా జవాబు లేదు. ఛాయాచిత్రం ఒక్కటీ వాడకుండానే స్టూడియోను తెర మీదికి తెచ్చారు.

డాలస్‌తెలుగు

"డక్ అమక్"లో కనబడని ఆ చేయి ఎవరిదో చివరి షాట్‌లో తెలుస్తుంది కదా నల్లతెర గారూ. అక్కడ బల్ల ముందు కూర్చున్నది బగ్స్ బన్నీ, అంటే సాటి బొమ్మే. ముఖం లేని అధికారం అన్న మాట ఆ షాట్ దగ్గర నిలవదనుకుంటాను. 1940 చిత్రంలోనూ పోర్కీని గోతిలోకి తోసినది యజమాని కాదు, గోడ మీది పటంలో ఉన్న తోటి ఉద్యోగి. మాల్టీస్ గార్డు వేషంలో ఉండగా ఈ సంగతిని గమనించాడనడానికి రుజువు లేదు గాని, రెండు చిత్రాలనూ వరుసగా చూసేవారు ఆ పోలికను విడిచిపెట్టకూడదు. చూసేటప్పుడు ముందు 1929 నాటి బాస్కో నమూనాతో మొదలుపెట్టండి. అందులో ఐసింగ్ బొమ్మతో మాట్లాడే తీరులో యజమాని దర్పం కంటే అమ్మకందారు ఆత్రుత ఎక్కువ కనబడుతుంది.